నానమ్మ టీవీకి డోర్ నంబర్ తప్పింది

పోయిన నెల ఒక సాయంత్రం ఆఫీసు నుంచి ఇంటికొచ్చేసరికి నానమ్మ నల్లటి టీవీ తెరకి ఎదురుగా కూర్చుని ఉంది. రిమోట్ మాత్రం టీపాయ్ మీద, ప్లాస్టిక్ కవర్లో, రబ్బరు బ్యాండుతో సహా బుద్ధిగా ఉంది.

"ఏంటి నానమ్మా, టీవీ పెట్టుకోలేదా?"

"పొద్దున్నే ఏదో నొక్కాన్రా. పాడైపోయినట్టుంది. మీ నాన్నకి చెప్పకు."

పొద్దున తొమ్మిది నుంచి సాయంత్రం ఆరున్నర దాకా ఆవిడ అలాగే ఉంది. మోకాళ్ల నొప్పులతో బయటికి వెళ్లలేదు. ఇంట్లో ఇంకెవరూ లేరు. నాకు ఒక్క ఫోన్ కొట్టినా సరిపోయేది. కానీ వస్తువు తన చేతుల్లో పాడైందని చెప్పుకోవడం ఆవిడకి నామోషీ.

అసలు పాడు చేసింది నేను. అదెలాగో చెప్తాను. ఎందుకంటే మీలో చాలామంది ఇళ్లలో కూడా టీవీ వెనకాల ఇదే గొడవ నడుస్తూ ఉండొచ్చు.

మా టీవీకి ఉన్నవి రెండే హెచ్‌డీఎంఐ పోర్టులు. ఒకదానికి సెట్‌టాప్ బాక్స్, ఇంకోదానికి స్ట్రీమింగ్ స్టిక్. తాతయ్య క్యాసెట్లలోని పాత పాటలన్నీ ఎంపీ3లుగా మార్చి ఒక రాస్ప్‌బెరీ పైలో పెట్టుకున్నాను. దానికి పోర్టు లేదు. ఆన్‌లైన్‌లో చవకగా ఒక హెచ్‌డీఎంఐ స్విచ్ దొరికింది. ఇటు రెండు కేబుళ్లు, అటు ఒకటి, పైన చిన్న బటన్. స్టిక్‌నీ, పైనీ దానికి తగిలించి, దాన్ని టీవీలో హెచ్‌డీఎంఐ 1కి పెట్టాను. బటన్ నొక్కితే బొమ్మ మారింది. ఇంకేం, కాలర్ ఎగరేశాను.

నానమ్మకి తెలిసింది స్టిక్ రిమోట్ ఒక్కటే. అందులో హోమ్ బటన్ నొక్కితే టీవీ తనంతట తనే ఆన్ అయ్యి, తనంతట తనే హెచ్‌డీఎంఐ 1కి వస్తుంది. ముందురోజు రాత్రి నేను పాటలు విని స్విచ్‌ని పై వైపే వదిలేశాను. పొద్దున ఆవిడ హోమ్ నొక్కింది. టీవీ ఆన్ అయింది. హెచ్‌డీఎంఐ 1కి వచ్చింది. కానీ అక్కడ నిద్రపోతున్న పై ఉంది. తెర నల్లగానే ఉండిపోయింది.

టీవీ తప్పు చెయ్యలేదు. స్టిక్ కూడా తప్పు చెయ్యలేదు. నానమ్మ అసలే చెయ్యలేదు. తప్పింది అడ్రస్.

ఒకటే తీగ, అందరి మాటలూ దాని మీదే

హెచ్‌డీఎంఐ కేబుల్లో 19 పిన్నులుంటాయి. అందులో 13వ పిన్ను పని బొమ్మ మోయడం కాదు, మాటలు మోయడం. దాని పేరు సీఈసీ, అంటే కన్స్యూమర్ ఎలక్ట్రానిక్స్ కంట్రోల్. టీవీ, స్టిక్, సౌండ్‌బార్, గేమ్ కన్సోల్... అన్నీ ఈ ఒక్క తీగ మీదే మాట్లాడుకుంటాయి. ఒక రిమోట్‌తో ఇంకో పెట్టె కదలడం వెనక ఉన్న రహస్యం ఇదే.

మీ టీవీ సెట్టింగ్స్‌లో 'సీఈసీ' అనే మాట కనిపించకపోవచ్చు. శాంసంగ్ దాన్ని ఎనీనెట్ ప్లస్ అంటుంది, ఎల్‌జీ సింప్‌లింక్ అంటుంది, సోనీ బ్రావియా సింక్, పానసోనిక్ వియెరా లింక్, ఫిలిప్స్ ఈజీలింక్ అంటాయి. పేర్లు వేరు, తీగ ఒకటే.

ఆ తీగ వేగం వింటే నవ్వొస్తుంది. ఒక్క బిట్ వెళ్లడానికి 2.4 మిల్లీసెకన్లు. అంటే సెకనుకి 400 బిట్లు, ఆ పైన కొంచెం. మీ ఫోన్లో 5జీ ముందు ఇది ఎడ్లబండి. కానీ "ఇప్పుడు తెర మీద ఉండేది నేను" అని స్టిక్ చెప్పడానికి పట్టేది 40 బిట్లే. సెకనులో పదో వంతు. ఆ మాత్రం చాలు.

ఇంతమంది ఒకే తీగ మీద మాట్లాడితే ఎవరు ఎవరితో అంటున్నారో తెలియాలి కదా? అందుకే ప్రతి పెట్టెకీ రెండు అడ్రస్‌లు.

మొదటిది: డోర్ నంబర్

మన ఊళ్లలో ఇంటి నంబర్లు 4-12-7 అని గీతలతో ఉంటాయి చూడండి. ముందు అంకె పెద్ద ప్రాంతం, తర్వాతది దాని లోపలిది, ఆ తర్వాతది ఇంకా లోపలిది. సీఈసీలో ఫిజికల్ అడ్రస్ అచ్చం ఇలాగే ఉంటుంది. నాలుగు అంకెలు, మధ్యలో చుక్కలు.

టీవీ ఎప్పుడూ 0.0.0.0. హెచ్‌డీఎంఐ 1కి నేరుగా తగిలించిన పెట్టె 1.0.0.0. రెండో పోర్టులోది 2.0.0.0. హెచ్‌డీఎంఐ 1కి ఒక ఏవీ రిసీవర్ పెట్టి, ఆ రిసీవర్ రెండో ఇన్‌పుట్‌కి గేమ్ కన్సోల్ పెడితే దాని అడ్రస్ 1.2.0.0.

ఈ నంబర్ పెట్టె తనకి తానుగా పెట్టుకునేది కాదు. టీవీలో ప్రతి పోర్టూ తన వివరాలతో ఒక చిన్న చీటీ ఇస్తుంది. దాని పేరు ఈడీఐడీ. ఎంత రిజల్యూషన్ చూపగలదు, ఏ ఆడియో వినిపించగలదు అనే వివరాలతో పాటు "నువ్వు ఉన్నది ఫలానా నంబర్లో" అన్న సంగతీ అందులోనే ఉంటుంది. మధ్యలో సరైన రిసీవర్ ఉంటే ఆ చీటీని అలాగే కిందికి పంపదు. తన ఒక్కో ఇన్‌పుట్‌కీ ఒక్కో అంకె చేర్చి ఇస్తుంది. కేబుల్ పీకేస్తే అడ్రస్ కూడా పోతుంది. అప్పుడది ఎఫ్.ఎఫ్.ఎఫ్.ఎఫ్, అంటే చెల్లని నంబర్.

రెండోది: బస్సు సీటు

లాజికల్ అడ్రస్ అనేది పెట్టె 'ఎక్కడ ఉంది' అని కాదు, 'ఎవరు' అని చెబుతుంది. మొత్తం 16 నంబర్లు, 0 నుంచి 15 దాకా. 0 టీవీది. 5 సౌండ్ సిస్టమ్‌ది. స్టిక్కులు, ప్లేయర్ల లాంటి వాటికి మూడు: 4, 8, 11. ట్యూనర్లకి నాలుగు, రికార్డర్లకి మూడు. ఆర్టీసీ బస్సులో 'స్త్రీలకు' అని రాసిన సీట్ల లాగా ఎవరి వరస వాళ్లదే.

సీటు పట్టే పద్ధతి మాత్రం భలే ఉంటుంది. స్టిక్ ముందు 4వ నంబర్‌ని పిలుస్తుంది. పంపేవాడూ 4, అందుకునేవాడూ 4! "ఈ సీట్లో ఎవరైనా ఉన్నారా అండీ?" అన్నమాట. ఎవరూ పలక్కపోతే కర్చీఫ్ వేసేస్తుంది. పలికితే 8కి వెళ్తుంది, అక్కడా పలికితే 11కి.

మూడూ నిండిపోతే? నాలుగో స్టిక్‌కి సీటు లేదు. 15వ నంబర్‌తో నిలబడి ప్రయాణం చెయ్యాలి. అందరికీ చేసే అనౌన్స్‌మెంట్లు వినిపిస్తాయి, కానీ దాన్నొక్కదాన్నే ఎవరూ పిలవలేరు. ఇంట్లో స్టిక్, ప్లేయర్, కన్సోల్, ఇంకో బాక్స్ ఉండి, వాటిలో చివర పెట్టినదానికే టీవీ రిమోట్ పనిచెయ్యకపోతే కారణం ఇదే కావచ్చు.

మధ్యలో డ్రైవర్ ఏం చేస్తాడు?

లినక్స్‌లో ఈ పనంతా చూసుకునే సీఈసీ విభాగం 2016లో 4.8 కెర్నెల్‌లో ప్రయోగాత్మకంగా చేరింది. 2017లో వచ్చిన 4.10తో పూర్తి స్థాయి భాగమైంది. రాస్ప్‌బెరీ పైలో ఇది ఒక డివైస్ ఫైల్‌లా కనిపిస్తుంది. మన ప్రోగ్రామ్ ఆ ఫైల్‌ని తెరిచి డ్రైవర్‌తో మాట్లాడుతుంది. మాటల వరస ఇలా ఉంటుంది.

ముందు "నీకు ఏమేం చేతనవును?" అని అడగాలి. తర్వాత "మన డోర్ నంబర్ ఎంత?" అని అడగాలి. ఆ తర్వాతే "నాకు ఒక ప్లేయర్ సీటు కావాలి, నా పేరు ఇది" అని చెప్పాలి. పేరుకి 14 అక్షరాలకి మించి చోటు లేదు. టీవీ ఇన్‌పుట్ల జాబితాలో కనిపించే పేరు అదే. సీటు వెతకడం, కర్చీఫ్ వెయ్యడం డ్రైవరే చేసిపెడుతుంది.

ఇక్కడ మూడు మెలికలున్నాయి. ఒకటి: డోర్ నంబర్ చెల్లనిదైతే సీటు కోసం అడిగినా డ్రైవర్ ఆగుతుంది. కేబుల్ తగిలి మంచి నంబర్ వచ్చాకే కదులుతుంది. రెండు: ఒకసారి సీటు పట్టాక మళ్లీ అడిగితే 'బిజీ' అంటుంది. ముందు ఉన్నది వదిలేసి కొత్తగా అడగాలి. మూడు: డోర్ నంబర్ మార్చే హక్కు అన్ని డ్రైవర్లూ ఇవ్వవు.

ఈ మూడోదాని దగ్గరే నేను బోల్తా పడ్డాను.

చేత్తో రాసిన అడ్రస్

ఆ రాత్రి పై మీద సీఈసీ-సీటీఎల్ అనే పనిముట్టుతో తీగ మీద ఎవరెవరు ఉన్నారో చూశాను. స్టిక్: సీటు 4, డోర్ నంబర్ 1.0.0.0. పై: సీటు 8, డోర్ నంబర్... అది కూడా 1.0.0.0!

రెండు ఇళ్లకి ఒకే నంబర్. నా చవక స్విచ్ టీవీ ఇచ్చిన చీటీని ఏమీ మార్చకుండా ఇద్దరికీ జిరాక్స్ తీసి ఇచ్చేసింది. సీఈసీ తీగని కూడా ఇద్దరికీ కలిపేసింది. అందుకే స్టిక్ "నేను 1.0.0.0లో ఉన్నాను, చూపించు" అనగానే టీవీ చక్కగా హెచ్‌డీఎంఐ 1కి వెళ్లింది. అక్కడి నుంచి దారి ఎటు మళ్లాలో స్విచ్‌కి చెప్పేవాళ్లే లేరు.

నాకు వెంటనే తట్టిన ఐడియా: పైకి 1.2.0.0 అని నేనే పెట్టేస్తే పోలా? ప్రయత్నించాను. డ్రైవర్ ఒప్పుకోలేదు. అప్పుడు కోపం వచ్చింది గానీ, తర్వాత ఆలోచిస్తే దానిదే న్యాయం అనిపించింది. పైకి సొంత హెచ్‌డీఎంఐ ఉంది, చీటీ నేరుగా చదువుకుంటుంది. అలాంటప్పుడు మనం చెప్పే నంబర్ దానికెందుకు? ఒకవేళ ఒప్పుకున్నా లాభం లేదు. గేటు మీద నంబర్ మార్చి రాసినంత మాత్రాన వీధి మారదు కదా. 1.2.0.0 అని చెప్పినా టీవీ వెళ్లేది హెచ్‌డీఎంఐ 1కే. స్విచ్ బటన్ మాత్రం ఉన్నచోటే ఉంటుంది.

చేత్తో పెట్టాల్సిన సందర్భం వేరే ఉంది. చాలా కంప్యూటర్ల గ్రాఫిక్స్ కార్డుల్లో ఆ 13వ పిన్ను పనిచెయ్యదు. అందుకని పల్స్-ఎయిట్ లాంటి యూఎస్‌బీ అడాప్టర్లు వాడతారు. అడాప్టర్ ఒక దారి, బొమ్మ ఒక దారి కాబట్టి చీటీలో ఏముందో డ్రైవర్‌కి తెలియదు. అక్కడ మనమే చెప్పాలి, డ్రైవర్ కూడా వింటుంది. అప్పుడైనా ఊహించి కాదు, కంప్యూటర్ చదివిన ఈడీఐడీలో ఉన్న నంబరే ఇవ్వాలి.

ఆండ్రాయిడ్ టీవీ లోపల కూడా ఇదే మర్యాద. తయారీదారు రాసే సీఈసీ భాగంలో లాజికల్ అడ్రస్ చేర్చే ఫంక్షన్ ఉంది. ఫిజికల్ అడ్రస్‌కి మాత్రం అడిగి తెలుసుకునే ఫంక్షనే ఉంది. సీటు అడుక్కోవచ్చు, ఊరు మార్చలేం.

మీ ఇంట్లో ఇలా చూసుకోండి

ఇంట్లో పెద్దవాళ్లు వాడే పెట్టెని టీవీకి నేరుగా తగిలించండి. మధ్యలో స్విచ్ పెట్టాల్సి వస్తే అది మీ పెట్టెకి పెట్టుకోండి. పోర్టులు నిజంగా చాలకపోతే హెచ్‌డీఎంఐ ఇన్‌పుట్లున్న రిసీవరో, సౌండ్‌బారో మేలు. అవి సీఈసీ పాటించేవైతే డోర్ నంబర్లు సరిగ్గా పంచుతాయి.

కేబుళ్లు అటూ ఇటూ మార్చాక అన్నింటినీ ప్లగ్ దగ్గరే ఆపి, ముందు టీవీని, తర్వాత మిగతావాటిని ఆన్ చెయ్యండి. పాత అడ్రస్‌లు పోయి కొత్తవి వస్తాయి.

అర్ధరాత్రి టీవీ దానంతట అదే వెలిగితే దెయ్యం అనుకోకండి. ఏదో ఒక పెట్టె నిద్రలేచి "నన్ను చూపించు" అంటోంది. టీవీలో సీఈసీ మొత్తం ఆపెయ్యకుండా, అలా లేస్తున్న పెట్టె సెట్టింగ్స్‌లో మాత్రం ఆపండి. లేకపోతే ఇంట్లోవాళ్ల ఒంటి రిమోట్ సుఖం కూడా పోతుంది.

అన్నిటికన్నా ముఖ్యం: మీరు ఏదైనా మార్చాక, మీరు కాకుండా ఆ టీవీ రోజూ చూసేవాళ్ల చేతికి రిమోట్ ఇచ్చి, మీరు పక్కకి జరిగి చూడండి. నేను ఆ ఆదివారం చెయ్యనిది అదే.

మా ఇంట్లో స్విచ్ ఇప్పుడు అటక మీద ఉంది. స్టిక్ మళ్లీ నేరుగా హెచ్‌డీఎంఐ 1లో, 1.0.0.0లో తనొక్కతే. తాతయ్య పాటలు పెన్‌డ్రైవ్‌లో వేసి టీవీ యూఎస్‌బీకి పెట్టాను. మొత్తం అయ్యాక నానమ్మకి చెప్పాను, అది నువ్వు పాడు చెయ్యలేదు, నేనే చేశానని.

ఆవిడ రిమోట్ కవర్ సర్దుకుంటూ, "ఆ ముక్క మీ నాన్నకి కూడా చెప్పు" అంది.