మూడవ పిన్ను

వేసవి వచ్చినంతనే పట్టణములలో ఇంటింట నీటికూలరులు అటకలపైనుండి దిగును. దానితో పాటు పత్రికల లోపలిపుటలలో నాలుగు పంక్తులకు మించని వార్త యొకటి దిగును: కూలరులో నీరు పోయుచు గృహిణి మృతి, ఇనుపతీగపై తడిబట్ట లారవేయుచు బాలుని మృతి. చదివి, అయ్యో యని, పుట త్రిప్పుదుము. జాతీయ నేరనమోదు సంస్థవారి నివేదికలను జూడగా ఇటీవలి సంవత్సరములలో విద్యుదాఘాతముచే ఈ దేశమున మరణించినవారు ఏటేట పదివేలకు పైబడియే యున్నారు. ఇంతమంది యొక్కచోట మడిసిన దేశమంతయు అట్టుడికియుండెడిది. ఇంటి కొక్కరుగా చచ్చుటచే ఎవ్వరికిని పట్టలేదు.

గతమాసమున మా పఠనమందిరములో, విద్యుచ్ఛాఖయందు ఇంజనీరుగా చిరకాలము పనిచేసి విరమించిన మిత్రులొకరు ఈ ప్రస్తావన రాగా, లోపలినుండి ఒక త్రీపిన్ ప్లగ్గును దెప్పించి బల్లపై నుంచిరి. "వకీలుగారూ, ఈ మూడింటిలో పైదానిని జూడుడు. తక్కిన రెండింటికంటె పొడవుగాను లావుగాను ఏల యున్నది?" యని యడిగిరి. ఇరువది సంవత్సరములుగా నష్టపరిహారపు దావాలు నడుపుచున్న మేము తెల్లమొగము వేసితిమి.

పొడవు కారణము వినిన పిమ్మట, ఆ ప్లగ్గును రచించినవారి బుద్ధికి నమస్కరింపవలె ననిపించినది. ప్లగ్గును గ్రుచ్చునపుడు పొడవైనది ముందుగా తగులును. ఊడదీయునపుడు కడపట విడును. అనగా యంత్రములోనికి కరెంటు ప్రవేశింపక మునుపే దాని లోహపుపెట్టె భూమితో సంబంధము పొందును. కరెంటు పోయినగాని ఆ సంబంధము తెగదు. లావు దేనికన్న, పొరపాటున నది ఫేజు రంధ్రములో దూరకుండుటకు. ఈ గుండ్రని పిన్నుల పద్ధతి ఆంగ్లేయులు 1934లో ప్రమాణీకరించినది. వారు మాత్రము 1947లో చదరపు పిన్నులకు మారిరి. మనకు వీనిని విడిచిపోయిరి. అందు దోష మేమియు లేదు, పిన్ను మంచిదే. దానిని మనము గౌరవించు విధమే చెడ్డది. రెండు రంధ్రముల సాకెట్టులో పట్టలేదని మూడవదానిని రంపముతో కోయువారున్నారు. కోయకపోయినను, సాకెట్టు వెనుక దానికి తీగయే లేని యిండ్లెన్నో. అంతకంటె ఘోరము, ఎర్తుతీగ లాగు శ్రమకు వెఱచి, పనివాడు దానిని న్యూట్రలుతో ముడివేయుట. ఎచ్చటనో న్యూట్రలు తెగినచో ఆ క్షణమున కూలరుపెట్టె, గీజరుపెట్టె, బట్టలయంత్రము అన్నియు ఫేజుతీగలే యగును. ఇది రక్షణపేర పెట్టిన ఉరి.

పోనీ, పెరటిలో గుంట త్రవ్వి, ఉప్పును బొగ్గును వేసి జి.ఐ. గొట్టము పాతించితిమి గదా యని నిశ్చింతగ నుండువారును గలరు. మా మిత్రులు దీనికి గణితము చెప్పిరి. వేసవిలో గుంట యెండి దాని నిరోధము 20 ఓములకు చేరినదనుకొనుడు. 230 వోల్టులు దానిగుండ పంపగలుగునది పదునొకండున్నర ఆంపియర్లు. సాకెట్టుకు కాపలాయున్న ఎమ్.సి.బి. 16 ఆంపియర్లది. అది పడదు. మీటరు తిరుగుచునే యుండును, కూలరుపెట్టెలో కరెంటు నిలిచియే యుండును, ఇంటివారు ముట్టుకొనుచునే యుందురు.

"బోర్డులో ఎమ్.సి.బి. లున్నవి, మాకేమి భయ" మనునది నేటి గృహస్థుల మహాభ్రమ. ఎమ్.సి.బి. కాపాడునది గోడలోని తీగను, మనిషిని గాదు. అమెరికాలో కాలిఫోర్నియా విశ్వవిద్యాలయపు ఆచార్యుడు చార్లెస్ డాల్జియల్, తమంతట ముందుకు వచ్చినవారిపై పరీక్షలు జరిపి, పట్టిన తీగను విడిచిపెట్టగల శక్తి పురుషులకు సగటున 16, స్త్రీలకు పదింటికి కొంచెము పైబడిన మిల్లీయాంపియర్లవద్ద నశించునని తేల్చెను. మన యింట వెలుగు తొమ్మిది వాట్ల ఎల్.ఇ.డి. దీపము తీసికొనునదే సుమారు 40 మిల్లీయాంపియర్లు. మనిషిని చంపుటకు అంతపాటి కరెంటు చాలును, ఎమ్.సి.బి. యో, 16,000 దాటినగాని మేల్కొనదు!

ఆ డాల్జియలే 1961లో రక్షణసాధన మొకటి నిర్మించెను. అట్టిదే నేడు బజారున ఆర్.సి.సి.బి. యను పేర దొరకుచున్నది. ఇందలి సూత్రము మా షరాబు స్నేహితుని త్రాసువంటిది. ఫేజులో వెళ్లినంత కరెంటును న్యూట్రలులో తిరిగిరావలెను. రెండు తీగలును ఒక లోహపుటుంగరములోనుండి పోవును. లెక్కలు సరిపోయినంతసేపు ఉంగరము మౌనము. 30 మిల్లీయాంపియర్లు దారి తప్పి ఒక గోడకో, ఒక దేహమునకో పోయినచో, తేడా తెలిసి రెప్పపాటులో కరెంటును కోసివేయును. గుంట యెండినను దీనికి లెక్కలేదు. అయితే ఒక చేత ఫేజును మఱియొక చేత న్యూట్రలును పట్టుకొన్న సాహసికుని ఇది రక్షింపజాలదు. దాని కంటికి ఆ మనిషియు నొక దీపమే. నెలకొకమారు పరీక్షబొత్తామును నొక్కవలెను. నొక్కినను పడనిది అలంకారము.

దీనిపై మన పనివాండ్రకు కోపము మెండు. వానాకాలమున గోడ చెమ్మగిల్లినను, నీళ్లు కాచు హీటరు పాతబడినను అది పడుచుండును. "సారూ, ఇది చెడినది, తీసివేసెద" నని తీగను నేరుగా కలిపి పోదురు. అరచు కుక్కను చంపి దొంగను విడిచినట్లు. మా కక్షిదారు నింట జరిగినది సరిగా ఇదియే. తీసివేసిన పదునెనిమిదవ దినమున ఆయన కోడలు పోయినది.

ఆమెకు పరిహార మేమైన వచ్చునా యని ఆయన మమ్ము నడిగెను. వీధిలో తెగిపడిన తీగ తగిలి మరణించినచో, సంస్థ తప్పు రుజువు కాకున్నను పరిహార మీయవలసినదే యని 2002లో సుప్రీంకోర్టు మధ్యప్రదేశ్ విద్యుత్ బోర్డు వ్యాజ్యములో తీర్పు చెప్పినది. మీటరు దాటి లోపలికి వచ్చిన పిమ్మట మాత్రము ఆ భారము సామాన్యముగా గృహస్థుని నెత్తిదే. ఇట్టి సాధనమును విధించిన కేంద్ర విద్యుదధికారసంస్థవారి నిబంధనలు సైతము ఒక పరిమితికి లోబడిన చిన్న కనెక్షనులను మినహాయించినవి. అనగా ఒక గది, ఒక పంకా, ఒక దీపము గలవాని యింట, తడినేలపై వట్టికాళ్లతో తిరుగువాని యింట, ఇది అక్కరలేదు! ధనికునికి లోపలనే రక్షణ, పేదకు పత్రికలో నాలుగు పంక్తులు. ఈ మినహాయింపును తొలగించి, చిన్న కనెక్షనులకు పంపిణీసంస్థలే మీటరుతోపాటు దీనిని బిగించి యిచ్చి, వెలను వాయిదాలపై బిల్లులో రాబట్టుకొనవలెనని మా యభిప్రాయము. ఆ వెల ఒక్క పట్టుచీర వెలకు మించదు. కనెక్షనుకు ముందు కంట్రాక్టరు సంతకముతో ఎర్తునిరోధపు అంకె వ్రాసి యిచ్చు పత్రమున్నది; కొలిచి వ్రాసితివా, కూర్చుండి వ్రాసితివా యని యడుగువాడు కావలెను. అద్దెయిండ్ల యజమానులును తప్పించుకొనరాదు. కరారులో సున్నమునకును తాళపుచెవికిని చోటున్నపుడు ఎర్తింగునకు ఒక పంక్తి యేల యుండదు? మేము వ్రాయు కరారులలో ఇకమీదట ఉండును.

ఆ సంభాషణ ముగియునప్పటికి, ఆ ప్లగ్గు ఎచ్చటినుండి తెచ్చిరని మా మిత్రుల నడిగితిమి. నవ్వి, మూలనున్న చల్లనినీటి యంత్రమును జూపిరి. దాని సాకెట్టు వెనుక ఎర్తుతీగ లేదు. మరునాడే తీగ లాగించితిమి, ఆర్.సి.సి.బి. పెట్టించితిమి. పెరటిలో గుంట యింకను త్రవ్వవలసియున్నది. అంతవరకు ఆ యంత్రముపై "వాడరాదు" అను అట్ట వ్రేలాడుచున్నది, పాఠకులు కుండలోని నీరు త్రాగుచున్నారు.