దత్తమండలముల గుణపాఠము

జర్మనుల దేశములపై ఆధిపత్యమునకై ఆస్ట్రియా, ప్రష్యాలు నూఱేండ్లకు పైగా పెనగులాడినవి. 1866లో ప్రష్యా గెలిచెను; 1871లో జర్మను సామ్రాజ్య మేర్పడెను. పోరాడిన వారిరువురును జర్మను రాజవంశములవారే గనుక, గెలుపు ఇంటనే నిలిచెను.

మన సీమ గతి వేఱు. ఇచట పోటీపడినవి మైసూరు, నిజాము ప్రభుత్వములు. 1779లో హైదరాలీ కడప నవాబును జయించెను. 1792 శ్రీరంగపట్టణపు సంధిచే టిప్పు సుల్తాను కడపను నిజామున కప్పగించెను. గెలిచిన నిజాముకైనను అది దక్కెనా? కుంఫిణీ సైన్యపు వ్యయమునకై 1800లో దానిని ఆంగ్లేయులకు ధారవోసెను. పిట్టపోరు పిట్టపోరు పిల్లి తీర్చెను. 1839లో కర్నూలు నవాబును పదభ్రష్టుడయ్యెను.

ఈ బేరములలో రైతు నడిగినవా రెవరు? 1846లో తిరుగబడిన ఉయ్యాలవాడ నరసింహారెడ్డికి 1847లో కోయిలకుంట్లలో దక్కినది ఉరికంబము.

దత్తమండలములను దాస్యనామమును 1928 నంద్యాల సభలో తుడిచి, రాయలసీమ యనుకొంటిమి. పేరు మాఱిన చాలునా? 1937 శ్రీబాగు ఒడంబడిక కృష్ణా, తుంగభద్రా, పెన్నా జలములలో సీమకు ప్రథమస్థానము నంగీకరించెను. 2014 పిమ్మట కృష్ణాజలములకై రెండు తెలుగు రాష్ట్రములు వాదులాడుచున్నవి. ఎవరు గెలిచినను మన చేలు తడియనిచో ఆ గెలుపు మనకేల?

మేము ఏ పక్షమునకును వ్యతిరేకులము కాము. ఇరువురి వివాదములో మూడవవాడు మౌనము వహించిన, వాని భూమియే పందెమగునని మాత్రము చెప్పుచున్నాము. సోదరులారా, మన హక్కును మనమే పలుకవలెను. లేనియెడల మరల దత్త మగుదుము.