పెట్టె దించే ముందు
పాత కారులో ఆటోమేటిక్ గేరు మారేటప్పుడు ఓ కుదుపు వచ్చిందంటే చాలు, చాలా షెడ్లలో వినిపించే తీర్పు ఒకటే: గేర్‌బాక్స్ పోయింది. నాడి పట్టకుండానే ఆపరేషన్‌కు రాసినట్టు! 2004లో హోండా అమెరికాలో సుమారు 11 లక్షల బళ్లను వెనక్కి పిలిచిన సంగతి ఇలాంటి షెడ్లకు పాఠంగా చెప్పొచ్చు. ఒడిస్సీ, వీ6 అకార్డ్ వంటి వాటిలో రెండో గేరు వేడెక్కి పళ్లు విరిగే ప్రమాదం ఉందని తేలింది. అయినా పెట్టెలన్నీ మార్చలేదు. 15,000 మైళ్లు దాటిన బళ్లలో ఆ గేరు రంగు మారిందేమో చూశారు. మారితేనే కొత్త పెట్టె, లేకపోతే గేరు మీద ఆయిల్ చిమ్మే చిన్న ఏర్పాటు. మామూలు మెకానిక్కీ వరస ఇదే కావాలి. ముందు స్కానర్ పెట్టాలి. పీ0740 కోడ్ వస్తే టార్క్ కన్వర్టర్ క్లచ్ వ్యవస్థలో లోపమని అర్థం. దోషి సొలెనాయిడ్ కావచ్చు, ఉత్త వైరే కావచ్చు. తర్వాత ఆయిల్: ఎర్రగా ఉందా, నల్లబడి మాడు వాసన కొడుతోందా? ఇక్కడా ఓ తిరకాసుంది. చాలా బళ్లలో డిప్‌స్టిక్‌ను ఇంజిన్ తిరుగుతుండగా చూడాలి. పాత హోండాల్లో మాత్రం వేడెక్కిన ఇంజిన్‌ను ఆపేసి, 60 నుంచి 90 సెకన్ల లోపు చూడాలి. ఇది తెలియక తక్కువుందనుకుని అదనంగా పోసేవాళ్లున్నారు. పైగా ఆయిల్ మార్చేందుకు ప్లగ్ విప్పితే అంతా దిగదు, చాలాభాగం కన్వర్టర్‌లోనే ఉండిపోతుంది. అందుకే నింపి, కాస్త దూరం నడిపి, మళ్లీ దించాలి, అలా రెండు మూడుసార్లు. ఆ ఓపిక లేని షెడ్డే పెట్టె దించుదామని తొందరపడుతుంది.