ఫ్లైట్ సిమ్యులేటర్‌కి కోర్లు కాదు, క్యాష్ చూడండి

ప్రాసెసర్ కొనబోయే ప్రతివాడూ ముందు అడిగేది 'ఎన్ని కోర్లు?' అనే. నేనూ అంతే. దాచుకున్న డబ్బంతా పెట్టి 16 కోర్లది తీసుకున్నా. కోడ్ కంపైల్ చేస్తే రాకెట్టే. మైక్రోసాఫ్ట్ ఫ్లైట్ సిమ్యులేటర్‌లో పెద్ద ఎయిర్‌పోర్టులో దిగబోతే మాత్రం ఫ్రేములు నత్తనడక!

టాస్క్ మేనేజర్ తెరిస్తే సీపీయూ సగం కూడా వాడట్లేదు. డెవలపర్ మోడ్‌లో ఎఫ్‌పీఎస్ డిస్‌ప్లే ఆన్ చేస్తే 'లిమిటెడ్ బై మెయిన్‌థ్రెడ్' అని కనిపించింది. అంటే లెక్కల్లో చాలా భాగం ఒకే థ్రెడ్ మీద పడుతోంది. మిగతా కోర్లు పెళ్లికొచ్చిన దూరపు చుట్టాల్లా కూర్చుని చూస్తున్నాయన్నమాట.

ఆ ఒక్క థ్రెడ్ డేటా కోసం మాటిమాటికీ ర్యామ్ దాకా వెళ్లిరావాలి. ఆలస్యం అక్కడే. అందుకే ఎల్3 క్యాష్ ముఖ్యం (జేబులో క్యాష్ సంగతి తర్వాత). రైజెన్ 7 5800ఎక్స్‌లో అది 32 ఎంబీ, 2022లో వచ్చిన 5800ఎక్స్3డీలో 96 ఎంబీ. రెండింటికీ 8 కోర్లే. రెండోదాని క్లాక్ స్పీడ్ తక్కువ కూడా. అయినా సిమ్‌లో అదే ముందుంటుంది.

కొత్తగా పీసీ కడుతుంటే నా ఓటు 7800ఎక్స్3డీకే. పాత ఏఎం4 బోర్డున్నవాళ్లు సెకండ్ హ్యాండ్‌లో 5800ఎక్స్3డీ దొరికితే, బోర్డు సపోర్ట్ చూసుకుని, బయోస్ అప్‌డేట్ చేసి పెట్టేయొచ్చు. రోజంతా వీడియో రెండరింగ్ చేసేవాళ్లకి నా మాట వర్తించదు, వాళ్లకి కోర్లే కావాలి.

4కే మానిటర్ వాళ్లు మాత్రం కొనేముందు ఆ డిస్‌ప్లే ఒకసారి చూడండి. మెయిన్‌థ్రెడ్ బదులు జీపీయూ అని వస్తే ప్రాసెసర్ మీద రూపాయి కూడా పెట్టొద్దు.