అల్లాయ్ వీల్స్ ముచ్చట, టైరు లెక్క

2011 తర్వాత దిగుమతి నిబంధనలు సడలడంతో యాంగోన్ రోడ్లమీదికి జపాన్‌లో వాడిన కార్లు విరివిగా వచ్చాయి. వాటిలో హోండా ఫిట్ ఒకటి. లైంగ్‌థార్యార్ ఫ్యాక్టరీలకు అందులో తిరిగే మన కుర్రకారుకు కారును కిందికి దించి, పెద్ద అల్లాయ్ వీల్స్ వేయించాలని ముచ్చట. ముచ్చట పడటంలో తప్పులేదు, లెక్క తప్పితేనే ముప్పు!

ఫిట్‌కు మామూలుగా వచ్చే 175/65 ఆర్ 14 టైరు ఎత్తు సుమారు 583 మిల్లీమీటర్లు. 195/55 ఆర్ 16 వేస్తే 621. అంటే టైరు పైన 19 మి.మీ. ఖాళీ తగ్గుతుంది. స్ప్రింగులు మార్చి కారును 30 దించితే మొత్తం 49 పోయినట్టే. ఒక్కరే నడిపినప్పుడు ఏమీ తెలియదు. వెనక సీట్లో ముగ్గురు కూర్చున్నాక గుంతలో పడితే టైరు ఫెండర్‌కు ఒరుసుకుని కోసుకుపోవచ్చు. స్పీడోమీటరు కూడా మునుపటికన్నా ఆరు శాతం తక్కువ చూపుతుంది.

అదే 185/55 ఆర్ 15 అయితే ఎత్తు 585 దాటదు. ముచ్చటా తీరుతుంది, లెక్కా కుదురుతుంది. టైరు మీద లోడ్ సూచిక 82కు, అంటే ఒక్కో టైరుకు 475 కిలోలకు, తగ్గకుండా చూసుకోండి. వెడల్పు అంతే ఉన్నా, ఆఫ్‌సెట్ 10 తగ్గితే వీల్ 10 మి.మీ. బయటికి వస్తుంది. నడిమి రంధ్రం 56.1 మి.మీ. కన్నా పెద్దదైతే హబ్ రింగులు వేయించండి.

బిగించాక నలుగురిని ఎక్కించి, స్టీరింగ్ రెండువైపులా పూర్తిగా తిప్పి చూడండి. వానాకాలంలో నీళ్లకింద గుంత కనపడదు సుమా! పైన పటారం, లోన లొటారం కాకూడదు.