చెప్పలేమని చెప్పేముందు

మాకు వచ్చే సమీక్షల్లో ఈమధ్య ఒక మాట తరచూ కనిపిస్తోంది: ‘ఈ అనుభూతి మాటలకందదు.’ పుస్తకం మూడు వందల పేజీలుంటుంది, సమీక్ష రెండో పేరాలోనే చేతులెత్తేస్తుంది. మాటకు హద్దుందన్నది నిజమే. ఆ హద్దు దాకా నడిచారా అన్నదే మా అనుమానం.

ఆ హద్దు దాకా నడిచిన ఒక తత్వవేత్త సంగతి చూడండి. క్రీ.శ. 529లో జస్టీనియన్ చక్రవర్తి ఏథెన్స్‌లో తత్వబోధన ఆపించాడు. అక్కడి ప్లేటో సంప్రదాయపు బడికి చివరి పెద్ద డమాస్కియస్. ఆయన మరో ఆరుగురితో పారశీక రాజు ఖుస్రూ కొలువుకు వలసపోయి, 532 నాటి సంధి పుణ్యమా అని తిరిగొచ్చాడు.

సమస్తానికీ మూలం ‘ఏకం’ అని మూడో శతాబ్దిలో ప్లొటైనస్ తేల్చాడు. డమాస్కియస్ అక్కడ ఆగలేదు. ఆ మూలం సమస్తంలో ఉందా, బయట ఉందా అని నిలదీశాడు. లోపల ఉంటే అదీ సమస్తంలో ఒక భాగమే, ఇక మూలమెలా అవుతుంది? బయట ఉంటే, ఒకటి మిగిలిపోయింది గనక ఇది సమస్తం కాదు. పోనీ కారణమందామంటే, కార్యంతో ముడిపడి దాని వరసలోకే దిగివస్తుంది. కాబట్టి ఏకానికీ ఆవల, ఏ పేరూ అతకనిది ఉండాలన్నాడు. ‘అనిర్వచనీయం’ అన్నా ఆ మాట దాని గురించి కాదు, దాని ముందు నిలబడ్డ మన అవస్థ గురించి. రామయ్యపట్నం జాలరి గుండు కట్టి వదిలిన తాడు నేల తాకకపోతే, తెలిసేది తాడు పొడవే గాని సముద్రం లోతు కాదు. ఈ సంగతి తేల్చడానికి డమాస్కియస్‌కు ఒక పెద్ద గ్రంథమే పట్టింది.

మాటకందనిదాని గురించి ఇంతగా మాట్లాడటం మనకేమీ కొత్త కాదు. ఒడిశాలోని ఢెంకనాల్ జిల్లా జొరందాలో మహిమాధర్మం వారి శూన్యమందిరం ఉంది. లోపల విగ్రహం ఉండదు. ఆ రూపం లేని అలేఖ పరబ్రహ్మను కొలిచిన కవి భీమభోయి మాత్రం నోరు కట్టుకోలేదు. స్తుతిచింతామణిని వంద బోలీలుగా, అంటే పాటలుగా, వినిపించి, 1895లో కన్నుమూశాడు. మన అచల సంప్రదాయపు గురువులు ఎరుకనూ దాటిన బయలు గురించి మాట్లాడారు. అదీ తత్వాలు కట్టి, వాదాలు నడిపి, శిష్యుల సందేహాలు తీర్చిన తర్వాతే.

అందుకే సమీక్షకులకు ఒక మనవి. ఏ పాత్ర దగ్గర, ఏ వాక్యం దగ్గర మీ మాట చాలలేదో రాయండి. అంతకుముందు ఎన్ని మాటలు ప్రయత్నించారో, అవెందుకు అతకలేదో కూడా రాయండి. ఆ తర్వాత ‘మాటలకందదు’ అంటే మేమూ ఒప్పుకుంటాం, పాఠకులూ నమ్ముతారు.