పల్లకీ పంపమని ఎవరడిగారు?

ఒక గాయకుడు. పేరుంది, డబ్బుంది, జనం వెర్రెత్తిపోతారు. కాని సీసా వదలడు. గోవాలో ఓ బార్లో పాడుకుంటున్న అమ్మాయి గొంతు విని నిలబడిపోయాడు. నువ్వుండాల్సిన చోటు ఇది కాదు, నాతో వచ్చెయ్ అన్నాడు. ఆ పిల్ల ఉద్యోగం మానేసి వెళ్లింది. ఇక ఆమె పైకి, ఇంకా పైకి. అతను కిందికి, ఇంకా కిందికి. చివరికి తన వల్లే ఆమె పాట ఆగిపోతోందని వంతెన మీంచి దూకేశాడు.

కథ తెలిసిందేగా? 2013 ఏప్రిల్ 26న విడుదలైన మోహిత్ సూరి హిందీ సినిమా 'ఆషికీ 2'. దాన్నే 2014 ఆగస్టులో జయ రవీంద్ర దర్శకత్వంలో సచిన్ జోషి, నాజియా హుస్సేన్‌లతో 'నీ జతగా నేనుండాలి' అని తెలుగులో తీశారు. ఆడలేదు. మన కుర్రకారు హిందీలోనే ఏడవాల్సిందంతా ఏడ్చేశారు, తెలుగులో ఏడవడానికి కన్నీళ్లు మిగల్లేదు!

కాని ఆ హిందీ పాటలు మాత్రం మన ఊరిని పట్టి ఊపేశాయి. 2013 ఫిబ్రవరి 21 సాయంత్రం దిల్‌సుఖ్‌నగర్‌లో కోణార్క్, వెంకటాద్రి థియేటర్ల దగ్గర జరిగిన జంట పేలుళ్లు ఎవరు మర్చిపోతారు? ఆ రోడ్డు మెల్లగా తేరుకుని, జనం మళ్లీ సినిమాలకీ షాపింగులకీ రావడం మొదలుపెట్టిన వేసవి అది. సెల్‌ఫోన్ రిపేరు కొట్లో ఆ పాటే, జ్యూసు బండి దగ్గర ఆ పాటే, కోచింగ్ సెంటర్ మెట్ల మీద కూర్చున్న కుర్రాడి చెవిలోనూ ఆ పాటే. సాహిత్యం అర్థం కానివాడు కూడా ముఖం వేలాడేసుకుని తిరిగాడు. సంగీతానికున్న మహత్తు అది, కాదనను.

ఇంత పాత సంగతి ఇప్పుడెందుకంటారా? చైతన్యపురిలో ఓ ఆడపిల్లల హాస్టలు నుంచి మొన్న నాకో ఉత్తరం వచ్చింది. పేరు వేయొద్దంది, వేయను. నల్గొండ వైపు అమ్మాయి. బ్యాంకు పరీక్షల కోచింగ్ కోసం వచ్చింది. చిన్నప్పట్నించీ సంగీతం నేర్చుకుంది. ఆ గదిలో నలుగురూ ఒకే ఫోను ముందు గుమిగూడి ఈ సినిమా చూశారట. ముగ్గురు ఏడ్చారు. ఈ అమ్మాయికి మాత్రం ఒళ్లు మండింది. "వాడు సచ్చిపోతేనే ఆమె పెద్ద సింగరయితదా సార్? ఆమె కోసం వాన్ని సావమని ఎవరడిగిన్రు?" అని రాసింది.

ఆ కోపానికి వెనక ఇంకో సంగతి ఉంది. ఇంట్లో సంబంధం చూస్తున్నారు. అబ్బాయి మంచివాడే, ఉద్యోగం ఉంది. పాట సంగతి వస్తే "పాడుకోనియ్యండి, ఇంట్లో ఎవరొద్దంటరు?" అన్నాడట. "ఆ మాటకు మా అమ్మ సంబరపడ్డది. నేను 'ఇంట్లో' అన్న కాడ ఆగిపోయిన" అంటుంది ఈ అమ్మాయి. ఆ తర్వాత అసలు ప్రశ్న. పాడాలని, పేరు తెచ్చుకోవాలని తనకు తానుగా కోరుకుని, దానికి శిక్ష పడకుండా బతికిన అమ్మాయి కథ ఏ సినిమాలో ఉంది?

చెల్లెమ్మా, నీ ప్రశ్న నాకు రెండు రాత్రుల నిద్ర తినేసింది.

ముందు ఈ కథ పుట్టిల్లు చూద్దాం. 'ఆషికీ 2'కి ముత్తాత హాలీవుడ్‌లో ఉన్నాడు. 1937లో వచ్చిన 'ఎ స్టార్ ఈజ్ బార్న్'. అందులో కథానాయిక గాయని కాదు, సినిమా తార కావాలనుకునే పల్లెటూరి పిల్ల. 1954లో జూడీ గార్లండ్‌తో మళ్లీ తీశారు. 1976లో బార్బ్రా స్ట్రైసాండ్‌తో తీసినప్పుడు కథ పాటల లోకానికి మారింది. 2018లో లేడీ గాగా పాడింది. ఎన్నిసార్లు తీసినా ఆమె లేస్తుంది, అతను పోతాడు.

కాని ఆ మొదటి సినిమాలో మనవాళ్లు వదిలేసిన ముక్క ఒకటుంది. అదే నాకు అన్నిటికన్నా ఇష్టం. ఆ పిల్లకు సినిమా పిచ్చి అని ఇంట్లో అంతా వెక్కిరిస్తూంటే, ముసలి నాయనమ్మ తన అంత్యక్రియలకని దాచుకున్న డబ్బు తీసి చేతిలో పెడుతుంది, వెళ్లమంటుంది. అంటే ఆ పిల్ల ఏ మగాడి కంటా పడకముందే బయల్దేరింది. కోరిక ఆమెది, రైలు ఛార్జీ నాయనమ్మది. హీరో తర్వాత తగిలాడు, అంతే. 'ఆషికీ 2' దగ్గరికొచ్చేసరికి ఆ నాయనమ్మ మాయమైపోయింది. అమ్మాయి గొప్ప గాయని కావాలన్న కల కూడా హీరోగారే కంటారు. ఆమె ఆ కలలో నడుస్తుంది.

ఇంకో చిత్రం చూడండి. 1937లో ఆ తార చివర్లో మైకు ముందు నిలబడి తన పేరు చెప్పుకోదు, చనిపోయిన భర్తకు భార్యనని చెప్పుకుంటుంది. డెబ్బయి ఆరేళ్ల తర్వాత 2013లో మన గాయని అభిమానికి సంతకం పెడుతూ తన పేరు పక్కన అతని పేరు చేర్చి రాస్తుంది, పెళ్లి కాకపోయినా సరే! ఇంత సంపాదించుకున్న పేరును ఆఖరి రీల్లో తిరిగిచ్చేయాలన్నమాట. అప్పుగా తెచ్చుకున్నట్టు.

మధ్యలో 1973లో హృషీకేశ్ ముఖర్జీ 'అభిమాన్' తీశాడు. అమితాబ్, జయ పెళ్లయిన కొద్ది వారాలకే విడుదలైంది. ఇందులో ఎవరూ వంతెన మీంచి దూకరు, అందుకే ఇంకా బాగా గుచ్చుకుంటుంది. పేరున్న గాయకుడు పల్లెటూరి పిల్లను పెళ్లాడి, ఇకనుంచి ఇద్దరం కలిసే పాడతాం అని పదిమందిలో ప్రకటిస్తాడు. ఆమె వద్దంటూనే పాడుతుంది. జనానికి ఆమె గొంతే ఎక్కువ నచ్చుతుంది. ఆ ఇంట్లో ఒక్కొక్క చెక్కూ, ఒక్కొక్క ఫోనూ ఎలా ముల్లవుతాయో హృషీదా చూపించినట్టు మరెవరూ చూపించలేదు. ఆమె పాట మానేస్తుంది, అయినా కాపురం నిలవదు. అక్కడ కూడా గమనించు చెల్లెమ్మా, ఆమెకు పేరు మీద ఆశ లేదు. ఆశ లేదు కాబట్టే మనకు ఆమె మీద జాలి.

ఇక మన ఇంటికొద్దాం. 1951 నాటి 'మల్లీశ్వరి' చూడనివాళ్లు ఉంటే ఈ పేజీ ఇక్కడే మూసేసి చూసి రండి, తర్వాత మాట్లాడుకుందాం. వాన రాత్రి సత్రంలో మల్లి ఆడి పాడుతుంది. మారువేషంలో ఉన్న కృష్ణదేవరాయలు, పెద్దనగారు చూసి మురిసిపోతారు. బావ నాగరాజు ఊరుకోక, మా మల్లికి పల్లకీ పంపేలా చూడండి అని వేళాకోళమాడతాడు. పల్లకీ నిజంగానే వచ్చేస్తుంది! తల్లి బంగారం చూసి పంపేస్తుంది, మల్లి రాణివాసంలో బందీ. దేవులపల్లివారి మాట, సాలూరివారి పాట మధ్య మనం ఒక్క సంగతి మర్చిపోతాం. పల్లకీ కావాలా అని మల్లిని ఎవరూ అడగలేదు. అడిగింది బావ, పంపింది రాజు, ఒప్పుకుంది తల్లి. పాడింది మాత్రం మల్లి.

సరే, అడిగే అమ్మాయి లేదా? ఉంది. అదే బి.ఎన్. రెడ్డి, అదే భానుమతి, ఆరేళ్ల ముందు, 1945లో 'స్వర్గసీమ'. వీధుల్లో ఆడిపాడే సుబ్బి నాటకాల తార సుజాతాదేవి అవుతుంది. ఆమెకు పేరు కావాలి, మేడ కావాలి, నాగయ్యగారు వేసిన పత్రికా సంపాదకుడు కూడా కావాలి. ఇంకేముంది, సంసారాలు కూల్చే మనిషి అయిపోయింది. పైకి రావాలన్న ఆశ తల్లిదో బావదో అయితే అమ్మాయి మల్లీశ్వరి. ఆ ఆశ తనదే అయితే అమ్మాయి సుబ్బి. రెండూ గొప్ప సినిమాలే, రెంటికీ నేను చప్పట్లు కొడతాను. కాని ఆ రెంటి మధ్యా నిలబడ్డానికి చోటేది?

విశ్వనాథ్‌గారి దగ్గరికి వెళ్దామా? 1980లో వచ్చిన 'శంకరాభరణం'లో తులసికి సంగీతమంటే ప్రాణం. కాని తనకని ఏమీ అడగదు, కొడుకును గురువు పాదాల దగ్గర చేర్చడమే ఆమె కోరిక. 1992 నాటి 'స్వాతికిరణం'లో పేరు కోసం కుమిలిపోయేది గురువుగారే, ఆ మంటలో పోయేది పసివాడు. మన సంగీత చిత్రాల్లో గురువున్నాడు, దేవుడున్నాడు, కచేరీ ఉంది. రికార్డింగు స్టూడియో వెతికి పట్టుకోవాలి. పారితోషికం మాట మచ్చుకైనా వినపడదు.

నీ ప్రశ్నకు తెర మీద జవాబు దొరకలేదు గాని, తెర వెనక దొరికింది. అదే భానుమతి! 1943లో 'కృష్ణప్రేమ'కి పనిచేస్తూ సహాయ దర్శకుడు రామకృష్ణారావును ఇష్టపడి, కోరి పెళ్లాడింది. సినిమాలు మానేసి ఇల్లు చూసుకుందామనే అనుకుంది. బి.ఎన్. రెడ్డి 'స్వర్గసీమ' కోసం వెనక్కి రప్పించారు. ఆ తర్వాత మొగుడూ పెళ్లాం కలిసి భరణీ పిక్చర్స్ పెట్టారు. ఆయన దర్శకుడు, ఆమె నటి, తన పాట తనే పాడుకునేది. అంతటితో ఆగిందా? 1953లో 'చండీరాణి'ని తెలుగు, తమిళ, హిందీ మూడు భాషల్లో తనే డైరెక్టు చేసింది. 1954లో 'చక్రపాణి'కి దర్శకుడు ఆయన, సంగీతం ఆమె. సుబ్బిగా వేసిన ఆవిడ ఇంట్లో ఎవరూ వంతెన ఎక్కలేదు.

ఇంకో జంట జిక్కి, ఏ.ఎం. రాజా. రాజా చిత్తూరు జిల్లా బిడ్డ. జిక్కి 1943లో 'పంతులమ్మ'కి పాడేనాటికి చిన్నపిల్ల. రాజా సినిమా పాటల్లోకి వచ్చింది 1950ల్లో. అంటే ఆ ఇంట్లో ఆవిడే సీనియరు. ఆయన 'పెళ్లికానుక'కి సంగీతం కట్టినప్పుడు ఆవిడ చేత పాడించుకున్నారు, అది 1960. 1989లో రైలు ప్రమాదంలో ఆయన పోయారు. ఆ తర్వాత కూడా జిక్కి గొంతు వినిపించింది. వీళ్ల కథ మీద ఒక్క సినిమా రాలేదే అని నాకు ఎప్పుడూ వెలితిగా ఉంటుంది. ఏడుపు సరిపడా లేదనుకున్నారో ఏమో.

ఇప్పుడు ఈ కథ తీయాలంటే గోవా బారు అక్కర్లేదు. ఎల్బీనగర్ చాలు. తూర్పుకి బస్సెక్కితే హయత్‌నగర్ దాటి రామోజీ ఫిల్మ్ సిటీ, ఈటీవీ ఉన్నది అక్కడే. బాలుగారు 1996లో మొదలుపెట్టిన 'పాడుతా తీయగా' చూసి హార్మోనియం ముందు కూర్చున్న పిల్లలు ఎంతమందో! పడమరకి మెట్రో ఎక్కితే అమీర్‌పేట, అక్కడ రైలు మారితే యూసుఫ్‌గూడ, దిగితే కృష్ణానగర్. 2018 సెప్టెంబర్ 24న ఎల్బీనగర్ దాకా ఆ లైను వచ్చాక, ఒకప్పుడు రెండు మూడు బస్సులు మారి వెళ్లే దూరం చేతికందింది.

అక్కడికెళ్లిన అమ్మాయికి ఏ తాగుబోతు హీరో ఎదురురాడు. ట్రాక్ పాడమంటారు. అంటే పేరున్న గాయని వచ్చి పాడేదాకా నమూనాకి పాడి పెట్టడం. నచ్చితే నీ గొంతే ఉంచుతారు. లేకపోతే పాట విడుదలైన రోజు వేరే గొంతు వినపడుతుంది, నువ్వు అందరితో పాటు వింటావు. రాత్రి పదకొండుకి రమ్మన్నప్పుడు హాస్టలు వార్డెన్‌కి ఏం చెప్పాలి? పాటకు ఎంతిస్తారని అడిగితే పొగరనుకుంటారా? 2012లో కాపీరైట్ చట్టం సవరించాక గాయకులకు కూడా రాయల్టీ హక్కు వచ్చింది, అది ఈ పిల్లకు ఎవరు చెప్తారు? వంతెన మీంచి దూకే సీను కన్నా ఇందులో నాటకం తక్కువా, మీరే చెప్పండి. యువ దర్శకులు చాలామంది ఈ పేజీ చదువుతారని విన్నాను. చదివితే ఆ నాయనమ్మను మాత్రం మళ్లీ వదిలేయకండి. నల్గొండ నాయనమ్మకి కొంగున ముడి ఎలాగూ ఉంటుంది.

ఉత్తరం చివర ఈ అమ్మాయి తా.క. అని పెట్టి, ఆ పెళ్లికొడుక్కి ఏ సినిమా చూపించమంటారు అని అడిగింది. 'అభిమాన్' చూపించు. బర్మన్‌దాదా పాటలున్నాయి, విసుక్కోడు. జనం ఆమె కోసం చప్పట్లు కొడుతూంటే అతని ముఖం మొదటిసారి మాడుతుంది చూడు, అక్కడ ఆపెయ్. మిగతా కథ నువ్వు చెప్పు అని అతన్నే అడుగు. ఏం చెప్పాడో నాకు రాయి. ఆ పేరు కూడా వేయను.